విల్లంగం చూస్తున్నాం, చెమ్మ చూడటం లేదు

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. కొత్తగా కొన్న ఇంట్లో దాక్కుని ఉన్న నీళ్ళ గురించి ఈ మాటలు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దవాళ్ళు అనేవారు. తమిళంలోనూ అచ్చంగా ఇదే మాట ఉంది. ఇప్పుడు చెన్నైలో మనలాంటివాళ్ళు ఇల్లు కట్టేది తక్కువ, కొనేదే ఎక్కువ. అది కూడా చాలావరకు ఇంకొకరు పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఉండి వదిలిన ఫ్లాటు. పిల్లకు సంబంధం చూస్తే గోత్రం అడుగుతాం, అబ్బాయి ఆఫీసులో విచారిస్తాం, వాళ్ళ వీధిలో ఇద్దరు ముగ్గురిని కదిలిస్తాం. ఇంటికి మాత్రం లాయరు దగ్గరికి వెళ్ళి తల్లి పత్రం, పట్టా, 30 ఏళ్ళ విల్లంగం సర్టిఫికెట్ చూపిస్తాం. ఇక ఇంటిని చూసేది ఒక ఆదివారం పొద్దున అరగంట. హాలు పెద్దగా ఉందా, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, స్టేషన్ ఎంత దూరం, అంతే.

కాగితంలో విల్లంగం లేదని తేలితే సరిపోదండీ. గోడలో కూడా విల్లంగం ఉంటుంది. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్ ఇవ్వరు.

మా మాట ముందే చెప్పేస్తాం. ఇల్లు అమ్మేవాళ్ళు ఆ ఇంట్లో ఎక్కడెక్కడ నీళ్ళు కారాయి, ఎప్పుడు కారాయి, ఏం రిపేరు చేశారు అన్నది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. దేశమంతా ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. కనీసం మన సంఘంలో ఒకరి ఇల్లు ఇంకొకరు కొనేటప్పుడైనా ఇది ఆచారం కావాలి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నామో వినండి. మేము నలుగురైదుగురం రిటైరైనవాళ్ళం. మనవాళ్ళు ఎవరైనా ఇల్లు చూడబోతే తోడు రమ్మంటారు, వెళ్తుంటాం. పెరంబూర్, అయనావరం, విల్లివాక్కం, కొళత్తూర్ వైపు చాలా ఇళ్ళు ఎక్కి దిగాం. చూసినకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఈ ఊళ్ళో ఎండాకాలంలో అన్ని గోడలూ మంచివే.

మన చెన్నైకి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. ఐప్పసి, కార్తీక మాసాల వాన అంటే మనకు చెప్పక్కర్లేదు. ఆ మూడు నెలలు గోడ తాగిన నీళ్ళు మాసి, పంగుని వచ్చేసరికి చాలావరకు ఆరిపోతాయి. అమ్మదలచినవాళ్ళు అప్పుడు గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయిస్తారు. కొనేవాళ్ళు పిల్లల పరీక్షలు అయ్యాక చిత్తిరై, వైగాసిలో చూడటానికి వస్తారు, జూన్‌లో బడి తెరిచేలోపు దిగిపోవాలని. ఇంటి జబ్బు కనబడని నెలల్లోనే మనం ఇల్లు చూస్తున్నాం.

మనవాళ్ళల్లోనే ఒక కుటుంబానికి జరిగింది చెప్తాం, పేర్లు వద్దు. ఆయన రిటైరైతే వచ్చిన డబ్బు, ఆవిడ నగలు కొన్ని, అబ్బాయి పేరిట లోను, అన్నీ కలిపి మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. పైన ఇంకెవరూ లేరు, మిద్దే. చిత్తిరైలో రిజిస్ట్రేషన్, వైగాసిలో గృహప్రవేశం. ఐప్పసిలో మొదటి గట్టి వాన పడ్డ మూడో రోజు పడకగది సీలింగులో టీ ఒలికినట్టు ఒక గుండ్రటి మరక వచ్చింది. కార్తీకానికి బీరువా వెనక గోడ పొక్కులు పొక్కులుగా లేచింది. స్విచ్ బోర్డు మీద చెయ్యి వేస్తే జివ్వుమంది. మేస్త్రిని పిలిచి గీకిస్తే కొత్త పుట్టీ కింద పాత పుట్టీ, దాని కింద ఇంకో రంగు, దాని కింద నల్లటి బూజు. అంటే ఆ గోడకు ఇది మొదటిసారి కాదు.

ఎదురు ఫ్లాటు ఆవిడ వచ్చి చూసి ఏమన్నారంటే, "ఆ గది ప్రతి ఏడూ ఇంతే అండీ. వాళ్ళు అమ్మిందే అందుకు. మీరు అడగలేదు కదా, మేమెలా చెప్తాం?"

ఆవిడ మంచి మనిషే. ఆ వానాకాలంలో రెండు పూటలా వాళ్ళకు భోజనం పంపిన మనిషి. కానీ ఆ ఒక్క మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. అమ్మినవాళ్ళకు తెలుసు, ఎదురింటికి తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, బ్రోకరుకు తెలిసే ఉంటుంది. తెలియనిది డబ్బు పెట్టినవాళ్ళకు మాత్రమే.

చట్టం ఏమంటుంది అంటారా, చట్టం ఉంది, అదీ ఇవాళ్టిది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని పెద్ద లోపం ఏదైనా ఆస్తిలో ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే అది మోసం కిందికే వస్తుందని అదే సెక్షన్ చివర రాసి ఉంది. అయితే ఇద్దరూ వేరుగా ఒప్పుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. అందుకే అగ్రిమెంటులో "ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తృప్తిపడి కొంటున్నాను" అని ఒక వాక్యం ఉంటుంది చూశారా, దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి.

బిల్డరు దగ్గర కొత్తగా కొన్న ఫ్లాటుకు వేరే దారి ఉంది. 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ళ లోపల కట్టుబడిలోనో పనితనంలోనో లోపం బయటపడి మనం చెప్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. రాతపూర్వకంగా, తేదీ వేసి, ఫోటోలతో పంపండి. ఒకరు ఉండి వదిలిన ఇంటిని ఆ ఇంటాయన దగ్గర కొంటే ఆయన బిల్డరు కాడు గనక ఈ సెక్షన్ కింద ఆయన్ని అడగలేం. అక్కడ 1882 చట్టమే దిక్కు.

అక్కడ చిక్కు ఎక్కడంటే, లోపం ఉందని చూపించటం సులువు, అది అమ్మేవాడికి ముందే తెలుసని నిరూపించటమే కష్టం. "మేమున్నప్పుడు ఏమీ లేదండీ, మీరొచ్చాకే కారింది" అంటే ఏం చేస్తాం? అందుకే ఆ కాగితం కావాలంటున్నాం.

మాలో రైల్వేలో గుమాస్తాలుగా చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక సీటు నుంచి ఇంకో సీటుకు బదిలీ అయితే చార్జి ఇచ్చి వెళ్ళాలి. రిజిస్టర్లు ఎన్ని, తాళాలు ఎన్ని, అందులో పగిలిన కుర్చీ ఎన్ని, పెండింగ్ ఫైళ్ళు ఎన్ని, అన్నీ రాసి ఇచ్చేవాడు ఒక సంతకం, పుచ్చుకునేవాడు ఒక సంతకం. పగిలిన కుర్చీ ఉందని రాస్తే ఎవరికీ పరువు పోలేదు. రాయకుండా పోతేనే మెమో వచ్చేది. ఒక కుర్చీకే ఇంత పద్ధతి ఉంటే, జీవితం అంతా కూడబెట్టిన డబ్బుకు, దాని మీద 7 శాతం స్టాంపు డ్యూటీ, 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి తీసుకునే ఇంటికి ఒక చార్జి లిస్టు ఉండొద్దా?

ఆ లిస్టులో ఏం ఉండాలో మేము కూర్చుని రాసుకున్నది ఇది:

1. గత 5 ఏళ్ళలో ఏ గదిలో, ఏ గోడ మీద, ఏ సీలింగులో చెమ్మ వచ్చింది?
2. పై మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేశారు? ఎవరి ఖర్చుతో?
3. స్నానాలగది పలకలు ఎప్పుడైనా తీసి మళ్ళీ వేశారా? ఎందుకు?
4. పై ఫ్లాటు నీళ్ళు మన ఇంట్లోకి కారాయా? మన నీళ్ళు కింది ఫ్లాటులోకి దిగాయని ఎవరైనా చెప్పారా?
5. గోడలో దాచిన పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయి? ఎప్పుడైనా పగిలాయా?
6. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి? సంపులోకి మురుగు కలిసిందా?
7. ఈ మధ్య రంగు వేసింది ఎప్పుడు? ఏ గదులకు?
8. నీళ్ళు కారటం గురించి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు రాసిన ఫిర్యాదు, తగాదా ఏదైనా ఉందా?

ప్రతి ప్రశ్నకూ మూడు జవాబులకు చోటు ఉండాలి: ఉంది, లేదు, తెలియదు. తండ్రి పోయాక ఆయన ఇంటిని అమెరికా నుంచి వచ్చి రెండు వారాల్లో అమ్మి వెళ్ళే పిల్లలు ఉంటారు. వాళ్ళకు నిజంగానే తెలియకపోవచ్చు. "తెలియదు" అని రాస్తే తప్పు లేదు, అప్పుడు కొనేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకుంటారు.

ఆరో ప్రశ్న గురించి ఒక మాట. 2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. 2023లో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళికరణై వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. పళ్ళికరణై చిత్తడి నేల, వేళచ్చేరి పక్కన ఏరి ఉన్న చోటు, మన టి.నగర్ కూడా ఒకప్పటి పెద్ద చెరువును పూడ్చి కట్టిన పేటే. నీళ్ళు తమ పాత చోటు మరిచిపోవు. కింది అంతస్తు కొనేవాళ్ళు కాంపౌండు గోడ బయటి వైపు మరక గీత ఉందా, కరెంటు మీటర్లను ఈ మధ్య పైకి ఎత్తి పెట్టారా చూడండి. ఎత్తి పెట్టారంటే ఊరికే ఎత్తరు.

కాగితం ఇచ్చారు కదా అని కళ్ళు మూసుకోవద్దు. మనం చూడగలిగినవి కొన్ని ఉన్నాయి, ఇంజినీరు కానక్కర్లేదు.

గోడను వేలి కణుపుతోనో నాణెంతోనో తట్టండి. గట్టి పూత గట్టిగా పలుకుతుంది, వదిలేసిన పూత డొల్లగా పలుకుతుంది. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక గోడ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకో అడగండి. బీరువా జరపమనండి, వంటింటి సింకు కింద తలుపు తీసి వాసన చూడండి. ముక్కు అబద్ధం చెప్పదు. గోడ అడుగున తెల్లటి పొడి రాలుతుంటే అది సున్నం కాదు, ఇటుక లోపలి ఉప్పు నీళ్ళతో పాటు బయటికి వచ్చి ఆరింది. నేలలోంచి పైకి పాకే చెమ్మ మామూలుగా గోడ అడుగు నుంచి మూడు నాలుగు అడుగుల వరకు ఉంటుంది. అంతకన్నా ఎత్తున మరక ఉంటే నీళ్ళు వేరే చోటు నుంచి వస్తున్నట్టు. సీలింగు పెచ్చులు ఊడి లోపల కమ్మి తుప్పు పట్టి కనబడుతుంటే అక్కడ మాత్రం మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. తుప్పు పట్టిన కమ్మి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రపు గాలి ఉన్న మన ఊళ్ళో అది త్వరగా జరుగుతుంది.

స్నానాలగది సంగతి వేరు. చాలా ఫ్లాటుల్లో అక్కడ స్లాబు కిందికి దింపి, ఇటుక ముక్కలు నింపి, పైన పలకలు వేస్తారు. పలకల సందుల్లోంచి దిగిన నీళ్ళు ఆ ఇటుక ముక్కల్లో చెరువులా నిలిచి, ఎక్కడో పక్కగదిలో బయటపడతాయి. బయానా ఇచ్చే ముందు ఒక పరీక్ష అడగండి. నీళ్ళు పోయే రంధ్రం మూసి, రెండు అంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిలు గీత గీసి, ఒక రోజు ఉంచండి. నీళ్ళు ఎంత తగ్గాయో చూడండి, కింది ఫ్లాటువాళ్ళ అనుమతితో వాళ్ళ సీలింగు చూడండి. ఇది అడిగితే అమ్మేవాళ్ళు కోప్పడితే, ఆ కోపమే జవాబు.

వీలైతే వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్ళండి. వానాకాలం దాకా ఆగగలిగితే అంతకన్నా మంచి ఇంజినీరు లేడు.

ఇప్పటికే కొనేసి, దిగిపోయి, మరక చూసినవాళ్ళకు కూడా ఒక మాట. మొదటి రోజే పెయింటు షాపుకు పరుగెత్తకండి. గోడలో నీళ్ళు ఉండగా లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే అది బయటికి రాలేక ఆ రంగునే పొక్కించి ఊడగొడుతుంది, లేదా ఇంకో చోటు నుంచి వస్తుంది. నేలచెమ్మ ఉన్న గోడకు సిమెంటు పూత దట్టంగా వేస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. వరస ఇది: ముందు నీళ్ళు ఎక్కడినుంచో కనిపెట్టాలి, ఆపాలి, గోడను ఆరనివ్వాలి, తర్వాతే పూత, చివర రంగు. ఆరటానికి నెలలు పట్టొచ్చు. మేస్త్రి రేపే రంగు వేస్తానంటే తొందరపడకండి.

నీళ్ళు ఎక్కడివో తెలియటానికి ఒక చిన్న ఉపాయం. చెమ్మ ఉన్న చోట జానెడు ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపు వేసి అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి పడితే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి, గది వైపు పడితే గాలిలోని తేమ, కిటికీలు తెరవాలి. వాన పడినప్పుడే వస్తే మిద్దెనో బయటి గోడనో చూడాలి. ఎండాకాలంలోనూ ఆరకపోతే పైపునో స్నానాలగదినో చూడాలి. తేదీ వేసి ఫోటోలు తీసి పెట్టుకోండి, ఎవరిని అడగాలన్నా అవే సాక్ష్యం. తడిసిన గోడలో ఉన్న స్విచ్ బోర్డును ముందు ఎలక్ట్రీషియన్‌తో ఆపించండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అదే రోజు చూపించుకోండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే బూజు పట్టిన గదిలో పడుకోబెట్టకండి.

ఇక మా లిస్టుకు అడ్డం చెప్పేవాళ్ళ మాట. మొదటిది, "మనలో మనం ఇలా కాగితాలు అడుక్కుంటే ఏం బాగుంటుంది? నమ్మకం లేదా?" అంటారు. మన తాతలు ఊరు కాని ఊరు వచ్చి నమ్మకం మీదే బతికారు, నిజమే. కానీ ఆ నమ్మకానికి అర్థం అడగకుండా ఉండటం కాదు, అడగకముందే చెప్పటం. మనవాడని ప్రశ్న అడగలేక కొని, తర్వాత పదేళ్ళు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహం తిప్పుకునే రెండు కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. ముందే రాసుకుని ఉంటే ఆ పలకరింపు మిగిలేది.

రెండోది, "చెప్తే ధర తగ్గుతుంది" అంటారు. తగ్గనివ్వండి. ఆ తగ్గిన ధరే న్యాయమైన ధర. చెమ్మ ఉండటం అవమానం కాదు, ఈ ఊళ్ళో పాత ఇల్లంటే ఎక్కడో ఒక చోట నెమ్ము ఉంటుంది. మిద్దె రిపేరు అంచనా వేయించి ఆ మేరకు బేరం చేసుకుంటే ఇద్దరికీ మంచిది. దాచి ఎక్కువ తీసుకున్న డబ్బు కొన్నవాళ్ళ జేబులోంచి మేస్త్రికి పోతుంది, దాంతోపాటు అమ్మినవాళ్ళ పేరూ పోతుంది.

మూడోది పక్కింటివాళ్ళ మాట, "కుదిరిన బేరం చెడగొట్టిన పాపం మనకెందుకు?" అని. దీనికి మా జవాబు కొంచెం కటువుగా ఉంటుంది. మీరంతట మీరు వెళ్ళి చాటింపు వేయమనటం లేదు. కానీ ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, ఈ ఇంట్లో వానకు ఏమైనా కారుతుందా?" అని అడిగితే "ఏమో తెలియదండీ" అనకండి. రేపు మీకు పక్కన ఉండబోయేది వాళ్ళే. కొనేవాళ్ళు కూడా ఇరుగుపొరుగుకు నోరు తెరిచి ఈ ఒక్క ప్రశ్న వేయాలి. అడగకపోతే ఎవరూ చెప్పరని ఆ ఎదురు ఫ్లాటు ఆవిడ మాటలోనే తెలిసింది.

ఇంకొకటి, పై మిద్దె. మిద్దె కారితే కింద ఉన్న ఒక్క ఫ్లాటువాళ్ళ తలనొప్పి అని మిగతావాళ్ళు చందా ఇవ్వరు. మిద్దె అందరిదీ. వడియాలు పెట్టుకోవటానికి అందరిదీ, రిపేరుకు మాత్రం ఒకరిదీ అంటే ఎలా? పై అంతస్తువాళ్ళు విసిగిపోయి రంగు పూసి అమ్ముకుని పోవటానికి సగం కారణం ఈ పీనాసితనమే.

వచ్చే సంఘం మీటింగుకు ఈ 8 ప్రశ్నల కాగితం తెలుగులోనూ తమిళంలోనూ టైపు చేయించి తెస్తాం. మాలో చాలామంది బడిలో చదివింది తమిళమే, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఏ భాషలో సుళువుగా చదవగలరో అందులోనే సంతకం పెట్టొచ్చు. ఇంకేం ప్రశ్నలు చేర్చాలో కింద రాయండి. ఈ ఏడు ఇల్లు అమ్మబోతున్నవాళ్ళు ఎవరైనా ముందుకు వచ్చి మొదటి కాగితం నింపి ఇస్తే, వాళ్ళ ఇంటికి కొనేవాళ్ళను వెతికి పెట్టే పని మేమే చేస్తాం, కమిషన్ లేకుండా.